ఎటు పోవాలో తెలియకుండానే చేరుకునే జీవి

అమ్రాబాద్ మండలంలో సర్కారు బడి పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ నల్లమల గుట్టల మీద, కింద అచ్చంపేట వైపు బడుల్లో కొత్తగా చేరిన టీచర్లు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి కూర్చుంటారు. ఏ పాఠం ఎట్లా చెప్పాలని అడుగుతారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఒకటుంది. బ్యాక్టీరియా తనకు కావలసిన రసాయనం వైపు ఎట్లా చేరుతుందన్నది ఆ పాఠం. మన పుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నిజానికి జీవి అంటే ఏమిటో, తెలుసుకోవడమంటే ఏమిటో ఇంత తేటగా చూపే పాఠం మరొకటి నాకు కనబడలేదు. అందుకే నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాసిపెడుతున్నాను.

1. పేరు తర్వాత చెప్పండి, కదలిక ముందు చూపండి.

రసాయన అనుచలనం అని బోర్డు మీద రాయడంతో మొదలుపెడితే పిల్లలు దాన్ని బట్టీ పడతారు, అక్కడితో అయిపోతుంది. దానికి బదులు గుప్పెడు ఎండుగడ్డి ముక్కలను గ్లాసుడు కుంట నీళ్లలో వేసి రెండు మూడు రోజులు నీడన పెట్టండి. పైన పలుచటి పొర కడుతుంది. ఆ పొర అంచు నుంచి ఒక చుక్క తీసి స్లైడు మీద వేసి, కవర్ స్లిప్ కప్పి, 400 రెట్లు పెద్దగా చూపే కటకం కింద పెట్టండి. వెలుతురు బాగా తగ్గించాలి. ఎక్కువ వెలుతురులో బ్యాక్టీరియా కనబడదు, అది దాదాపు పారదర్శకంగా ఉంటుంది.

వెంటనే పిల్లలు "సారూ, కదులుతున్నయ్" అంటారు. అప్పుడు తొందరపడొద్దు. నీళ్లు కలిపి పలుచన చేసిన పాల చుక్కను మరో స్లైడు మీద చూపండి. పాలలోని కొవ్వు బిందువులు కూడా కదులుతూనే ఉంటాయి. ప్రాణం లేని ఆ బిందువులను నీటి అణువులు నాలుగు దిక్కుల నుంచి తోస్తుంటే అవి ఉన్నచోటే వణుకుతాయి. రాబర్ట్ బ్రౌన్ 1827లో పుప్పొడి నుంచి వచ్చిన రేణువుల్లో గమనించింది ఈ కదలికనే. బ్యాక్టీరియా అట్లా వణకదు. ఒక గీత గీసినట్టు సాగిపోతుంది, ఆగుతుంది, మరో దిక్కుకు సాగుతుంది. ఈ రెంటికీ తేడా తమ కళ్లతో పట్టుకున్న పిల్లలకు మిగతా పాఠం చెప్పడం సులువు.

కవర్ స్లిప్ కింద ఒక గాలి బుడగ ఉండిపోతే దాన్ని తీసేయకండి. కాసేపు ఆగి చూస్తే బుడగ అంచున బ్యాక్టీరియా గుమిగూడుతుంది. అవి వచ్చేది ఆక్సిజన్ కోసం. కిరణజన్య సంయోగక్రియ పాఠంలో పేరొచ్చే థియోడర్ ఎంగెల్‌మన్ 1880ల్లో చేసిన పని ఇదే. శైవలం పోగు మీద రంగురంగుల వెలుగు పడేటట్టు చేసి, ఏ రంగు దగ్గర బ్యాక్టీరియా ఎక్కువగా చేరిందో చూసి, ఆక్సిజన్ ఎక్కడ పుడుతున్నదో చెప్పాడు. ఆ ప్రయోగంలో కొలిచే సాధనం బ్యాక్టీరియానే. ఆ సాధనం ఎట్లా పనిచేస్తుందని మన పుస్తకం అడగదు. మనం అడగాలి.

2. "వెతుక్కుంటూ పోతుంది" అనకండి.

ఈ మాట వినడానికి బాగుంటుంది గానీ అసలు సంగతిని కప్పేస్తుంది. అన్నిటికంటే బాగా పరిశోధించిన ఈ.కోలై బ్యాక్టీరియానే తీసుకుందాం. దాని పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో 500వ వంతు. ఒంటి మీద కొన్ని కశాభాలు ఉంటాయి. ఒక్కో కశాభం మొదట్లో తిరిగే మోటారు ఒకటి ఉంటుంది. అది సెకనుకు వంద చుట్లకు పైగా తిరగగలదు. కశాభం కొరడాలా అటూఇటూ ఊగుతుందని చాలాకాలం అనుకున్నారు. 1974లో మైకేల్ సిల్వర్‌మన్, మెల్విన్ సైమన్ కశాభాన్ని గాజుకు అంటించి చూస్తే, కశాభం కదలలేక బ్యాక్టీరియా ఒళ్లే గిర్రున తిరిగింది. దాంతో ఆ అనుమానం తీరిపోయింది.

మోటార్లన్నీ అపసవ్య దిశలో తిరిగితే కశాభాలు ఒక కట్టగా కలిసి బ్యాక్టీరియాను ముందుకు తోస్తాయి. దీన్ని పరుగు అనండి. ఏదైనా మోటారు సవ్య దిశకు మారితే కట్ట విడిపోతుంది, బ్యాక్టీరియా తడబడి ఏదో ఒక కొత్త దిక్కుకు తిరుగుతుంది. దీన్ని దొర్లు అనండి. హోవర్డ్ బెర్గ్ ఒక్కో బ్యాక్టీరియా వెంట తనంతట తానే కదిలే మైక్రోస్కోపు తయారుచేసి, డగ్లస్ బ్రౌన్‌తో కలిసి 1972లో ఈ లెక్కలు బయటపెట్టాడు. పరుగు సగటున ఒక సెకను, దొర్లు సెకనులో పదో వంతు. పరుగులో వేగం సెకనుకు 20 మైక్రోమీటర్లకు పైనే. అంటే సెకను తిరిగేసరికి తన ఒంటి పొడవుకు పది రెట్లు దూరం ఈదేస్తుంది.

ముఖ్యమైన సంగతి ఇక్కడుంది. దొర్లిన తర్వాత ఎటు తిరగాలో బ్యాక్టీరియా నిర్ణయించుకోదు. దాని చేతిలో ఉన్నది ఒక్కటే: ఎప్పుడు దొర్లాలన్నది. పరిస్థితి బాగుపడుతుంటే దొర్లడం వాయిదా వేస్తుంది, ఆ పరుగు పొడుగవుతుంది. లేకపోతే మామూలుగానే దొర్లుతుంది. మంచి దిక్కుకు పోయే పరుగులు పొడుగైతే చాలు, మొత్తం మీద ఆ వైపే చేరుతుంది. ఈ సంగతి పిల్లల నోట వచ్చేదాకా ముందుకు పోకండి.

3. ఆడించి చూపండి.

బడి గ్రౌండులో ఒక చెట్టును గమ్యంగా పెట్టుకోండి. ఒక పిల్లవాడి కళ్లకు గుడ్డ కట్టి, పక్కన మరొకరిని నిలబెట్టండి. పక్కనున్నవాళ్లు దిక్కు చెప్పకూడదు. చెట్టుకు దగ్గరయ్యేకొద్దీ పెరిగే ఒక అంకె మాత్రం అడుగడుగుకూ చెప్పాలి. కళ్లకు గంతలున్న పిల్లవాడు అంకె పెరుగుతుంటే అదే దారిన నడుస్తాడు. పెరగకపోతే నాలుగడుగులకు ఆగి, గిర్రున తిరిగి, మొగం ఎటుంటే అటు నడుస్తాడు. చుట్టూ ఉన్న పిల్లలు మొదట "ఎప్పటికీ చేరడు" అంటారు. చేరుతాడు. వంకరటింకరగా, ఒక్కోసారి వెనక్కి పోయి, అయినా చేరుతాడు.

ఆట అయ్యాక ఒక ప్రశ్న అడగండి: నడిచే పిల్లవాడు ఏం గుర్తుపెట్టుకున్నాడు? దారి గుర్తులేదు, చెట్టు ఎక్కడుందో తెలియదు. ఇంతకుముందు విన్న అంకె ఒక్కటి గుర్తుంది. ఆరో అంశంలో ఆ జవాబు కావాలి, బోర్డు మీద రాసి ఉంచండి.

4. ఆకలి వేరు, గుర్తుపట్టడం వేరు.

విల్‌హెల్మ్ ఫెఫర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త 1880ల్లోనే సన్నటి గాజు గొట్టంలో మాంసరసం నింపి బ్యాక్టీరియా ఉన్న నీళ్లలో పెట్టాడు. గొట్టం మూతి దగ్గర బ్యాక్టీరియా ముసురుకున్నది. తిండి ఉంది కాబట్టి వచ్చాయని ఎవరైనా అనుకుంటారు. 1960ల్లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జూలియస్ ఆడ్లర్ అదే గాజు గొట్టాన్ని మళ్లీ పట్టుకుని, వచ్చిన బ్యాక్టీరియాను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. గాలక్టోజ్ అనే చక్కెరను వాడుకునే శక్తి పోయిన బ్యాక్టీరియా కూడా గాలక్టోజ్ వైపు వచ్చింది. గాలక్టోజ్‌ను పోలిన, జీర్ణం కాని చక్కెరల వైపూ వచ్చింది. బాగా జీర్ణమయ్యే కొన్ని పదార్థాలను మాత్రం పట్టించుకోలేదు. అంటే తినడం వల్ల కలిగే లాభం దాన్ని లాగడం లేదు. తినకముందే, లోపలికి పోకముందే ఆ పదార్థాన్ని గుర్తుపట్టే ఏర్పాటు ఏదో ఉంది. 1969లో ఆడ్లర్ దాన్ని రసాయన గ్రాహకమని తేల్చాడు.

ఈ మాట చెప్పినప్పుడు చెంచుపెంట నుంచి వచ్చే ఒక పిల్ల "సారూ, దానికి ముక్కు యాడుంటది?" అని అడిగింది. దీనికంటే మంచి ప్రశ్న నేను ఏ శిక్షణ తరగతిలోనూ వినలేదు. జవాబు ఉంది. గ్రాహకాలు ప్రోటీన్లు. కణత్వచంలో అటూఇటూ చొచ్చుకుని నిలబడి ఉంటాయి. బయటి కొస రసాయనాన్ని పట్టుకుంటుంది, లోపలి కొస కబురు పంపుతుంది. ఈ.కోలైలో ఇవి ఐదు రకాలు. ఒకటి సెరీన్‌ను, ఒకటి ఆస్పార్టేట్‌ను, ఒకటి రైబోజ్, గాలక్టోజ్ చక్కెరలను, ఒకటి చిన్న పెప్టైడ్లను గుర్తుపడతాయి. ఐదోది ఆక్సిజన్ సంగతి చూసుకుంటుంది. ఇవన్నీ వేల సంఖ్యలో కణం ఒక కొసన గుంపుగా చేరి ఉంటాయని 1993లో జానీన్ మాడక్, లూసీ షపీరో చూపించారు. ఆ పిల్ల అడిగిన ముక్కు నిజంగానే ఒక కొసన ఉంది.

5. ఫాస్ఫేట్ దారి చెప్పేటప్పుడు మన భీమవరం మనిషిని తలచుకోండి.

గ్రాహకం ఒక కొసన, మోటార్లు ఒళ్లంతా. మధ్యలో నరాలు లేవు. కబురు మోసేది కీ-వై అనే చిన్న ప్రోటీన్. దాని మీద ఒక ఫాస్ఫేట్ గుంపు ఎక్కితే అది మోటారును అంటుకుంటుంది, మోటారు సవ్య దిశకు మారుతుంది, బ్యాక్టీరియా దొర్లుతుంది. ఫాస్ఫేట్ దిగితే కబురు ఆగుతుంది.

ఆ ఫాస్ఫేట్‌ను ఎక్కించేది కీ-ఏ అనే ఎంజైమ్. అది కీ-డబ్ల్యూ అనే మరో ప్రోటీన్ సాయంతో గ్రాహకం లోపలి కొసను అంటిపెట్టుకుని ఉంటుంది. కీ-ఏ మొదట ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసుకుని తన మీదే, ఒక హిస్టిడిన్ మీద పెట్టుకుంటుంది. తర్వాత దాన్ని కీ-వైకి అందిస్తుంది. కీ-జెడ్ అనే ఇంకో ప్రోటీన్ కీ-వై మీది ఫాస్ఫేట్‌ను ఎప్పటికప్పుడు తీసేస్తుంటుంది. తీసేసేవాళ్లు లేకపోతే పాత కబురే మోటారు దగ్గర నిలిచిపోతుంది, కొత్త కబురుకు చోటుండదు.

పిల్లలు తడబడే మలుపు ఒకటుంది. ఇష్టమైన రసాయనం గ్రాహకానికి తగిలితే కీ-ఏ చురుకవుతుందని అందరూ ఊహిస్తారు. జరిగేది తలకిందులు. తగిలితే కీ-ఏ నెమ్మదిస్తుంది. కీ-వై మీద ఫాస్ఫేట్ తగ్గుతుంది, దొర్లు తగ్గుతుంది, పరుగు సాగుతుంది. ఏమీ తగలనప్పుడు కీ-ఏ పనిచేస్తూ "దొర్లు, దొర్లు" అని కబురు పంపుతుంది. మంచి వార్త అంటే ఇక్కడ కబురు తగ్గడం. దీన్ని బాణం గుర్తులతో బోర్డు మీద గీయించండి, నోటిమాటతో వదిలేయకండి.

ఏటీపీ పేరు వచ్చిన చోట ఒక్క నిమిషం ఆగి యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పండి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఇచ్చాడు. 1929లో కండరాల్లో ఏటీపీని గుర్తించాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. మొదట దాన్ని కండరానికి సంబంధించిన పదార్థంగానే చూశారు. అదే ఫాస్ఫేట్ ఒక ప్రోటీన్ నుంచి మరో ప్రోటీన్‌కు మారుతూ కబురు కూడా మోస్తుందని తర్వాతి తరాలు తెలుసుకున్నాయి. తెలుగు పిల్లలకు ఈ సంబంధం తెలియకపోతే ఆ తప్పు మన పాఠాలదే.

ఇంకో సంగతి. కశాభం మోటారును తిప్పేది ఏటీపీ కాదు. కణం బయటి నుంచి లోపలికి వచ్చే ప్రోటాన్ల ప్రవాహం. కబురుకు ఏటీపీ, ఈతకు ప్రోటాన్లు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఈ తేడా చూడండి.

6. మరిచిపోవడం కూడా తెలివేనని చెప్పండి.

ఇప్పుడు ఆటలోని ప్రశ్న దగ్గరికి రండి. బ్యాక్టీరియా తన తలకూ తోకకూ మధ్య తేడా చూసుకుంటుందా, లేక ఇప్పటికీ ఇంతకుముందుకూ తేడా చూసుకుంటుందా? 1972లో రాబర్ట్ మాక్‌నాబ్, డేనియల్ కోష్లాండ్ దీన్ని తేల్చిన తీరు నాకు ఎప్పుడు తలచుకున్నా ఆనందమే. బ్యాక్టీరియా ఉన్న ద్రావణంలో సెరీన్ గాఢతను ఒక్కసారిగా, అంతటా ఒకేలా పెంచారు. ఏ దిక్కునా తేడా లేదు. తలకూ తోకకూ ఒకటే గాఢత. అయినా బ్యాక్టీరియా దొర్లడం మానేసి కొంతసేపు నేరుగా ఈదింది. ఒక్కసారిగా తగ్గిస్తే అదే పనిగా దొర్లింది. అంటే అది పోల్చుకుంటున్నది చోటుతో కాదు, కాలంతో. అంత చిన్న జీవికి జ్ఞాపకం ఉంది.

ఆ జ్ఞాపకం ఎక్కడ రాసి ఉంది? గ్రాహకం మీదే. గ్రాహకం లోపలి కొసన కొన్ని చోట్ల మిథైల్ గుంపులు అంటుకోగలవు. కీ-ఆర్ అనే ఎంజైమ్ నెమ్మదిగా వాటిని అంటిస్తూ పోతుంది. కీ-బి అనేది తీసేస్తుంది, అదీ కీ-ఏ చురుగ్గా ఉండి ఫాస్ఫేట్ ఇచ్చినప్పుడు మరింత గట్టిగా తీసేస్తుంది. ఇష్టమైన రసాయనం పెరిగి కీ-ఏ నెమ్మదిస్తే కీ-బి కూడా నెమ్మదిస్తుంది. మిథైల్ గుంపులు పెరుగుతాయి, పెరిగి కీ-ఏను మళ్లీ మామూలు చురుకుదనానికి తెస్తాయి. దాంతో ఆ గాఢత పాతబడిపోతుంది. మళ్లీ పెరిగితేనే కొత్త వార్త. ఫాస్ఫేట్ కబురు సెకనులో చిన్న భాగంలో అందుతుంది, మిథైల్ లెక్క సెకన్లు పడుతుంది. ఆ రెంటి మధ్య ఆలస్యమే జ్ఞాపకం.

ఎందుకింత తొందరగా మరిచిపోవాలి? ఎందుకంటే నీటి అణువుల తాకిడికి బ్యాక్టీరియా నేరుగా పోతున్నానని అనుకున్నా పది సెకన్లలో దారి పూర్తిగా మళ్లిపోతుంది. అంతకంటే పాత కొలత ఇప్పటి దిక్కు గురించి ఏమీ చెప్పదు. ఈ మరుపు వల్లే ఒకే గ్రాహకం చాలా పలుచటి చోటా, లక్ష రెట్లు చిక్కటి చోటా కూడా పెరుగుదలను పసిగట్టగలుగుతుంది.

7. మన తెల్ల రక్తకణాలను ఇందులో కలపకండి. అవి కూడా రసాయనం వైపే కదులుతాయి గానీ పెద్ద కణాలు, పాకుతాయి, తమ ఒంటి రెండు వైపుల మధ్య తేడానే చూసుకోగలవు. పేరు ఒకటే, పనితీరు వేరు.

8. పాఠాన్ని పల్లి చేనుకు తీసుకుపోండి.

నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల చెలకల్లో యాసంగి పల్లి ఎన్ని ఇళ్లకు బతుకు! మొలకెత్తే గింజ చుట్టూ మట్టిలో చక్కెరలు, అమైనో ఆమ్లాలు, సేంద్రియ ఆమ్లాలు, ఫ్లేవనాయిడ్లు ఊరుతాయి. మట్టిలోని రైజోబియం జాతి బ్యాక్టీరియా వాటిని గ్రాహకాలతో పసిగట్టి వేరు వైపు చేరుతుంది. బుడిపెల్లో నత్రజని స్థిరపడుతుందని 1886లో హెల్‌రీగల్ చెప్పాడు, 1888లో బైజెరింక్ ఆ బ్యాక్టీరియాను వేరుచేశాడు. పుస్తకాల్లో బ్యాక్టీరియా వేరు నూగు నుంచి లోపలికి పోయినట్టు బొమ్మ ఉంటుంది. పల్లిలో అట్లా కాదు. పక్కవేరు పొడుచుకొచ్చే చోట ఏర్పడే చీలిక నుంచి పోతుంది. అందుకే పల్లి బుడిపెలు పక్కవేళ్ల మొదట్లో కనబడతాయి. విత్తిన నలభై రోజులకు ఒక మొక్కను మట్టితో సహా తవ్వి, కడిగి, బుడిపెను గోటితో చీల్చి చూపండి. లోపల గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టు. అది లెగ్‌హిమోగ్లోబిన్.

పిల్లల తల్లిదండ్రులకు పనికొచ్చే మాట కూడా ఇందులో ఉంది. బ్యాక్టీరియా ఈదడానికి మట్టి రేణువుల చుట్టూ నీటి పొర కావాలి. ఎండిన చెలకలో ఎంత మంచి గ్రాహకం ఉన్నా కశాభానికి ఈత లేదు. తడి ఉన్నా అది సొంతంగా పోయే దూరం చాలా తక్కువ. కాబట్టి బ్యాక్టీరియా కల్చర్‌ను గింజకే పట్టించాలి. ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం కల్చర్, బెల్లం నీళ్లతో కలిపి గింజకు పూతలా పట్టించి, ఎండలో కాదు, నీడలో ఆరబెట్టి, అదే రోజు పదును ఉన్న దుక్కిలో విత్తాలి. శిలీంద్ర నాశిని మందు పట్టించేది ఉంటే ముందు అది, ఆరిన తర్వాత కల్చర్. ఈ వరుస ఎందుకని అడిగిన పిల్లకు మొత్తం పాఠం అర్థమైనట్టే.

9. మేలు చేసేదే కాదు, కీడు చేసేదీ ఇట్లాగే వస్తుంది.

టమాట, వంగ మొక్కలు పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాడిపోతే వాటిలో ఒకదాని కాండం కోసి, నీళ్లున్న గాజు గ్లాసులో కోసిన వైపు ముంచి పట్టుకోండి. పాలలాంటి సన్నటి దార కిందికి జారితే అది రాల్‌స్టోనియా బ్యాక్టీరియా. దానికి ఈత ఉంచి, దిక్కు పసిగట్టే ప్రోటీన్లు మాత్రం తీసేసి శాస్త్రవేత్తలు చూశారు. నేరుగా కాండంలోకి ఎక్కిస్తే అది మామూలుగానే మొక్కను చంపింది. మట్టిలో పోస్తే మాత్రం తెగులు తేవడంలో బాగా వెనకబడింది. వేరును కనుక్కోవడమే దాని మొదటి మెట్టు.

10. ఈ.కోలై దగ్గర ఆగిపోకండి.

బ్యాక్టీరియా అన్నీ ఒకటే తీరుగా ఈదవు. లూసర్న్ గడ్డి వేళ్లలో ఉండే సైనోరైజోబియం మెలిలోటి కశాభం మోటారు ఒక్క సవ్య దిశలోనే తిరుగుతుంది. అది దిశ మార్చదు, వేగం తగ్గించి మలుపు తీసుకుంటుంది. ఈ.కోలైకి గ్రాహకాలు ఐదు రకాలైతే, మట్టిలోనూ నీళ్లలోనూ బతికే సూడోమోనాస్ ఎరుజినోసాకు 26 ఉన్నాయి. మట్టిలో రుచులు ఎక్కువ, పసిగట్టాల్సినవి ఎక్కువ. పల్లి వేరు నుంచి ఊరే ఏ పదార్థాన్ని మన చెలకలోని బ్యాక్టీరియా ఏ గ్రాహకంతో పట్టుకుంటుందన్నది డిగ్రీలో చేరే పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వదగ్గ ప్రశ్న. దానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ఫెఫర్ వాడినంత సన్నటి గాజు గొట్టం, మొలకెత్తిన పల్లిగింజ నానిన నీళ్లు, బుడిపె నుంచి పెంచిన బ్యాక్టీరియా, మంచి మైక్రోస్కోపు ఉంటే మొదలుపెట్టవచ్చు. పోల్చడానికి ఉత్త నీళ్లు నింపిన గొట్టం ఒకటి పక్కన తప్పకుండా పెట్టించండి.